ఒక్క ఆదివారంలో పట్టని గోదావరి

భద్రాచలం వెళ్తున్నామంటే చాలు, పొద్దున బొగత జలపాతం, మధ్యాహ్నం పాపికొండల్లో పడవ, ఇసుకతిన్నెల మీద ఆటలు, సాయంత్రానికి రామయ్య దర్శనం అని లెక్క వేసేసేవాళ్లు చాలామంది. అడవిలో జలపాతం, నది మధ్య ఇసుకమేట ఒకే రోజులో చూసి రావాలన్న కోరిక తప్పేమీ కాదు. సముద్రం లేని ఖమ్మం వైపు జనానికి బీచ్ అంటే గోదావరి ఇసుకే మరి. కానీ ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది. జలపాతం నిండుగా ఉండే రోజుల్లో ఇసుకతిన్నె నీళ్ల కింద ఉంటుంది. తిన్నె బయటపడి పడవలు నింపాదిగా తిరిగే రోజులకు జలపాతం సన్నబడుతుంది. ఈ రెంటినీ బలవంతంగా ఒక రోజులో ఇరికిస్తే మిగిలేది సగం చూపూ, నిండు ప్రమాదమూను.

ముందు దారి సంగతి చూద్దాం. బొగత ఇప్పుడు ములుగు జిల్లా వాజేడు మండలంలో ఉంది, 2016 దాకా అది ఖమ్మం జిల్లాదే. భద్రాచలం నుంచి గోదావరికి ఎగువగా, వెంకటాపురం మీదుగా సుమారు 120 కిలోమీటర్లు పోవాలి. పాపికొండల పడవలు ఎక్కే పోచవరం రేవు దీనికి పూర్తిగా ఎదురు దిక్కున, దిగువన, కూనవరం దాటాక వస్తుంది. అది 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలాల ప్రాంతం. పడవ పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొస్తుంది. పొద్దున్నే బొగత చూసుకుని ఆ పడవ అందుకోవడం ఎంత వేగంగా కారు నడిపినా అయ్యే పని కాదు.

దూరం కన్నా గట్టి అడ్డంకి నీటి నడక. బొగతకు నీళ్లిచ్చేది చీకుపల్లి వాగు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు కొండల్లో వాన పడితే అది గంటల్లో ఉరుముతుంది, వాన ఆగితే అంతే త్వరగా తగ్గుతుంది. గోదావరి అలా కాదు. 1,465 కిలోమీటర్ల ఆ నదికి భద్రాచలం పైనే ప్రాణహిత, ఇంద్రావతి కలుస్తాయి. విదర్భలోనో బస్తర్‌లోనో కురిసిన వాన రోజుల తర్వాత ఇక్కడికి వరదగా చేరుతుంది. అంచేత భద్రాచలంలో ఆకాశం తేటగా ఉందని నది మెత్తబడిందనుకోవడం పొరపాటు. 2022 జులైలో ఇక్కడ నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 43 అడుగులకు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద 2022 నాటి దానికన్నా పెద్దది.

వానాకాలంలో వెళ్తేనే కదా జలపాతం అందం అంటారు. నిజమే, బొగతను జులై నుంచి సెప్టెంబరు లోపే చూడాలి, కాకపోతే ఒడ్డు నుంచి. 2023 జులై ఆఖర్లో వెంకటాపురం మండలంలోని ముత్యంధార జలపాతానికి వెళ్లిన ఎనభై మంది దాకా పర్యాటకులు, దారిలోని వాగు పొంగి రాత్రంతా అడవిలో చిక్కుకుపోయారు. ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు వెళ్లి తీసుకురావలసి వచ్చింది. అదే సమయంలో ములుగు జిల్లాలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఇక నది వైపు 2019 సెప్టెంబరు 15 సంగతి ఎవరూ మరచిపోలేదు. అదీ ఆదివారమే. దేవీపట్నం వైపు నుంచి పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో ఉన్నవాళ్లు 77 మంది. నదిలో అప్పుడు 5 లక్షల క్యూసెక్కుల ప్రవాహం. బోటును పైకి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది.

ఇలా భయపెడితే పడవల వాళ్లు, అడవి ఊళ్ల వాళ్లు ఏం తిని బతకాలని అడగవచ్చు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ వాళ్ల పొట్ట కొట్టింది జాగ్రత్త కాదు. కచ్చులూరు తర్వాత నెలల తరబడి పడవలు ఆగిపోయాయి, ఒక్క రోజు తొందర అన్ని సీజన్ల రాబడిని మింగేసింది. ఉన్నది ఒక్క సెలవే కదా అనేవాళ్లకు మాత్రం నా దగ్గర మంచి జవాబే ఉంది. జలపాతం, ఇసుక ఒకే రోజున కావాలంటే అవి పాపికొండల పడవలోనే ఉన్నాయి, బొగత దాకా పరుగెత్తనక్కర్లేదు.

పేరంటాలపల్లిలో పడవ ఆగుతుంది. మెట్లెక్కితే శివాలయం, పక్కనే కొండ మీంచి రాళ్ల మధ్య జారే సన్నని ధార. దానికి బొగత హోరు లేదు. చెట్ల నీడలో దోసిలి పట్టి తాగేంత నెమ్మది దానిది. దారి పక్కన కొండరెడ్డి గిరిజన ఆడవాళ్లు వెదురు పూలు పెట్టుకుని కూర్చుంటారు. వెదురును కత్తితో పల్చగా చెక్కుతూ పోతే పొరలు చుట్టలు తిరిగి రేకులవుతాయి. వాటికి రంగు అద్ది పుల్లకు గుచ్చుతారు. ధర అడిగి బేరమాడకుండా కొనండి, అంత పనికి అది ఎక్కువేమీ కాదు. తర్వాత కొల్లూరు. అక్కడ వెదురు గుడిసెలు, వాటి ముందు మెత్తని ఇసుక. కార్తీకం దాటాక నీరు తేటపడుతుంది, ఇసుక ఆరుతుంది. అప్పుడైనా అంచు దాటి నీళ్లలోకి దిగకండి. అడుగున ఇసుక కోసుకుపోయిన చోట మోకాలి లోతు కాస్తా ఒక్క అడుగులో నిలువు లోతవుతుంది.

పోలవరం ప్రాజెక్టు నిండితే ఇవన్నీ మునుగుతాయట, ఆలోపే అన్నీ చూసేయాలి అనే తొందర ఇంకొకటి. 45.72 మీటర్ల పూర్తి మట్టానికి జలాశయం నింపితే ఈ ఒడ్డు ఊళ్లు, తిన్నెలు నీటి పాలవుతాయన్నది నిజం. చూడాలనుకోవడమూ సబబే. కానీ పోయేది మనకు దృశ్యం, కొండరెడ్లకు ఊరు. ఆ ఊళ్లను గంటకొకటి చొప్పున చుట్టేసి వస్తే చూసినట్టు కాదు.

కాబట్టి బొగతకు వానాకాలంలో ఒక రోజు, పాపికొండలకు డిసెంబరు, జనవరిల్లో ఇంకో రోజు కేటాయించండి. ఏ నెలలో వెళ్లినా పడవ టికెట్ కొనేముందు భద్రాచలం దగ్గర ఆ రోజు నీటిమట్టం ఎంతో అడగండి. ఎక్కాక లైఫ్ జాకెట్ ఫొటో కోసం విప్పకండి.