జాయినింగ్ ‘డిఫర్’ అయిందంటే..?

ఆఫర్ లెటర్ వచ్చేసింది. ఇక చేరడమే అనుకుంటుండగా హెచ్‌ఆర్ నుంచి మెయిల్: ‘యువర్ జాయినింగ్ హాజ్ బీన్ డిఫర్డ్ అంటిల్ ఫర్దర్ నోటీస్’. ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా? ప్రస్తుతానికి ఉన్నట్టే. ఆఫర్‌ను వెనక్కి తీసుకుంటే ‘రివోక్డ్’ అనో ‘విత్‌డ్రాన్’ అనో రాస్తారు. అసలు చిక్కు చివరి మూడు మాటలతోనే. కొత్త తేదీ ఇంకా ఖరారు కాలేదని వాటి అర్థం. తేదీ ఎప్పుడు చెబుతారో మర్యాదగా అడుగుతూ జవాబివ్వండి. వేరే ఇంటర్వ్యూలకు వెళ్లడం మాత్రం మానకండి.

తెలుగులో రైలు ‘ఆలస్యం’ అవుతుంది, పరీక్ష ‘వాయిదా’ పడుతుంది. డిలే, పోస్ట్‌పోన్‌లకూ సాధారణంగా ఇదే తేడా. వానకు రైలు లేటైతే డిలే. ఎవరో నిర్ణయం తీసుకుని పరీక్షను మరో రోజుకు మారిస్తే పోస్ట్‌పోన్. ‘మై బస్ వాజ్ పోస్ట్‌పోన్డ్’ అంటే ఇంటర్వ్యూ బోర్డు నవ్వుకుంటుంది. డిఫర్ కూడా పోస్ట్‌పోన్ లాంటిదే కానీ కాస్త ఆఫీసు భాష. అడ్మిషన్లు, లోన్ చెల్లింపుల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. సభలకూ కోర్టులకూ అయితే అడ్జర్న్.

మాటల్లో ఎక్కువగా వినిపించేది పుట్ ఆఫ్. ‘డోంట్ పుట్ ఇట్ ఆఫ్’లో ‘ఇట్’ మధ్యలోనే ఉండాలి. ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. పుట్ ఆఫ్, పోస్ట్‌పోన్‌ల తర్వాత మరో క్రియ వస్తే ‘ఇంగ్’ చేరాలి. ‘ఐ పుట్ ఆఫ్ అప్లయింగ్’ సరైనది, ‘టు అప్లై’ కాదు. ఎర్రర్ స్పాటింగ్ ప్రశ్నలు చేసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇంటర్వ్యూ తేదీ మార్చమని మీరే అడగాల్సి వస్తే? ‘ప్లీజ్ పోస్ట్‌పోన్ మై ఇంటర్వ్యూ’ అంటే ఆజ్ఞాపించినట్టు ఉంటుంది. పైగా ఎప్పటికి మార్చాలో తెలియదు. ‘కుడ్ వి రీషెడ్యూల్ ది ఇంటర్వ్యూ టు థర్స్‌డే?’ అనండి.

తేదీని ముందుకు జరపడానికి మనం వాడే ప్రీపోన్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనూ ఉంది. ఇక్కడ దర్జాగా వాడొచ్చు. విదేశీ క్లయింట్‌తో మాత్రం ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అంటే సులువుగా అర్థమవుతుంది.

విదేశీయులతో పనిచేసేవాళ్లకు మరో మాట: టేబుల్. బ్రిటన్‌లో ఒక విషయాన్ని ‘టేబుల్’ చేయడమంటే చర్చకు పెట్టడం. అమెరికాలో సరిగ్గా ఉల్టా, చర్చను పక్కన పెట్టడం! రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఒక్క మాటపై ఇరు దేశాల అధికారులూ చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ రాశారు. రేపు కాల్‌లో అమెరికన్ మేనేజర్ ‘లెట్స్ టేబుల్ దిస్’ అంటే హడావిడిగా ఫైల్ తెరవకండి. ఆ సంగతి ఇవాళ్టికి లేనట్టే.