జాజ్ రికార్డుల సేకరణము

మన పాఠశాలలో పై తరగతుల పిల్లలు కొందరు ఇటీవల జాజ్ అను అమెరికా దేశపు సంగీతమును వినుచున్నారు. అందులకై రికార్డులు కొనిపెట్టుమని ఇంట అడుగుచున్నారట. ఫోనులో ఉచితముగా వినవచ్చుచుండగా ఆ నల్లని పళ్ళెములు ఏల, ఎన్ని కొనవలెను, ఎచట మొదలుపెట్టవలెను అని తలిదండ్రులు కొందరు మమ్ము ప్రశ్నించిరి. ప్రశ్న సమంజసమైనదే. పిల్లల కోరికను కాదనుటకైనను, తీర్చుటకైనను ముందు ఆ సంగీత మెట్టిదో, దాని రికార్డుల కథ యెట్టిదో కొంత తెలిసికొనుట మేలని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

అమెరికాకు దక్షిణమున, మిసిసిపీ నది సముద్రమును చేరు తావునకు చేరువగా న్యూ ఆర్లియన్సు అను రేవుపట్టణము కలదు. పంతొమ్మిదవ శతాబ్ది చివరను, ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలోను జాజ్ అచట రూపుదాల్చినది. దానికి కర్తలు ముఖ్యముగా నల్లజాతివారు, ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారి సంతతి. వారి పూర్వులు ఎన్నో భాషలు మాటలాడిన జనులు. వేరువేరు భాషలవారిని తోటలలో కలిపివేయుటచే కొన్ని తరములలో ఆ భాషలు నోటినుండి జారిపోయినవి. లయ మాత్రము పోలేదు. ఒకరు పలుకగా పదిమంది బదులు పలుకు పాటతీరు పోలేదు. బ్యాండు మేళముల కొమ్ములును, పియానోయు, ఐరోపావారి స్వరమేళనమును వానికి తోడై క్రొత్త సంగీత మేర్పడినది. పిల్లల నోట మాతృభాష నిలుచునా అని నిత్యము చింతించు మనవంటివారికి ఈ కథ వినినప్పుడు మనస్సు చివుక్కుమనక మానదు.

జాజ్‌కు ప్రాణము మనోధర్మము. మన గాయకుడు కీర్తన పాడి, పిదప నెరవులోను స్వరకల్పనలోను తన విద్యను చూపునట్లు, జాజ్ వాద్యకారుడు ఎల్ల రెరిగిన పాట వరుసను ఒకమారు వాయించి, పిమ్మట దానిని విడిచి తన ఊహను అల్లును. మనకు రాగమును తాళమును హద్దులు. వారికి పాట అడుగున నడచు స్వరసముదాయముల వరుస హద్దు. అది ఆవర్తమువలె తిరిగి తిరిగి వచ్చుచుండును. నిన్న వాయించినది నేడు వాయింపరు. కాగితముపై వ్రాసినచో ఎముకల గూడే మిగులును. కావున జాజ్ విషయమున రికార్డే మూలగ్రంథ మని చెప్పవలెను.

రికార్డు కానిచో ఏమగునో చెప్పుటకు బడ్డీ బోల్డెన్ పేరు చాలును. 1900 ప్రాంతమున న్యూ ఆర్లియన్సులో ఆయన కార్నెట్టు వాద్యమునకు సాటి లేదని సమకాలికులు చెప్పిరి. 1907లో మతి చలించి ఆసుపత్రిలో చేర్చబడి, 1931లో అచటనే మరణించెను. ఆయన ఊదిన స్వర మొక్కటియు నేడు వినుటకు లేదు. తొలి జాజ్ రికార్డుగా ఎన్నబడునది 1917 ఫిబ్రవరిలో తయారైనది. దానిని వాయించినవారు న్యూ ఆర్లియన్సుకు చెందిన తెల్లవారి మేళము. పుట్టించినవారి వాద్యము తగినంతగా రికార్డులకెక్కుటకు మరి అయిదారేండ్లు పట్టినది.

ఆనాటి రికార్డులు మన దేశముతో ఒక విధముగ ముడివడినవే. వానిని లక్కతో చేసెడివారు. ఆ లక్కలో అధికభాగము భారతదేశపు అడవులనుండి ఎగుమతి అయినది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగు బాకా అమెరికా ఇండ్లలో మ్రోగినది మన చెట్లపై పురుగులు పెట్టిన లక్కమీదనే అనుట అతిశయోక్తి కాదు. 1942లో యుద్ధము వలన లక్క రవాణాకు అడ్డంకి కలుగగా అమెరికా ప్రభుత్వము రికార్డులకు లక్క వాడకమును మిక్కిలి తగ్గించినది. పాత రికార్డులను ప్రజలనుండి సేకరించి, పొడిచేసి, మరల క్రొత్తవానికి వాడిరి. ఆ పొడిలో ఏయే వాద్యకారుల శ్రమ కలిసిపోయినదో ఎవరు చెప్పగలరు!

మరియొక లోపము పేర్లది. లక్క రికార్డు నడుమనుండు కాగితముపై మేళము పేరు మాత్రముండెడిది. లోపల ఎవరు ఏ వాద్యము వాయించిరో సాధారణముగ వ్రాసెడివారు కారు. ఈ లోపమును తీర్చినది కంపెనీలు గాక సేకరించువారు. వారు రికార్డులను మరల మరల విని, వాద్యకారుల నడిగి, పేర్లను పట్టికలుగా వ్రాసిరి. పారిసు నగరమున చార్లెస్ డెలోనే అను నతడు 1936లో అట్టి పట్టికను గ్రంథముగా ప్రకటించెను. ఇంగ్లండులో బ్రయన్ రస్టు 1961 నుండి ఇంతకన్న విస్తారమైన సంపుటములు వెలువరించెను. సేకరణ మనగా డబ్బుగలవారి విలాసమని తలచువారు ఈ సంగతి గమనింపవలెను. ఫోనులో పాట వినునపుడు వాద్యకారుల పట్టిక తరచుగ కానరాదు. మంచి పునర్ముద్రణ అట్టమీద తేదీతోసహా అది యుండును. రికార్డు కొనుటకు మాకు కనుపించు ముఖ్యకారణ మదియే.

ఇక ఏవి కొనవలెను? దుకాణములవారు న్యూ ఆర్లియన్సు, స్వింగు, బీబాపు, కూలు, ఫ్రీ అని తరగతులు చేసి, తరగతి కొక్కటి చొప్పున కొనుమందురు. ఈ పద్ధతి మాకు నచ్చదు. ఒక శైలి మరియొక శైలిని త్రోసివేసి వచ్చినదని పిల్లవాడు భ్రమపడును. ఒక వాద్యకారుని పట్టుకొని, ఆయన వెంట కాలములను దాటుటయే తగిన మార్గమని మా అభిప్రాయము. అందులకు కోల్మన్ హాకిన్సును మించినవాడు లేడు. 1904లో పుట్టి 1969లో మరణించిన ఈయన వాద్యము టెనర్ సాక్సఫోను. కద్రి గోపాలనాథ్ వలన సాక్సఫోను దక్షిణదేశమున సుపరిచితమే గదా.

హాకిన్సు 1923 నుండి పదేండ్లకు పైగా ఫ్లెచర్ హెండర్సన్ పెద్దమేళములో నుండెను. 1924లో యువకుడైన ఆర్మ్‌స్ట్రాంగు ఆ మేళమున చేరి ఏడాదిపాటు వాయించెను. అంతకు ముందటి హాకిన్సును, పిదపటి హాకిన్సును ప్రక్కప్రక్కన వినినచో, తోటివాని సాంగత్యమున విద్య యెట్లు మారునో చెవికి తెలియును. ఇది మొదటి రికార్డు. రెండవది 1939 అక్టోబరు 11వ తేదీన చేసిన ‘బాడీ అండ్ సోల్’. లక్క రికార్డు ఒక ప్రక్కన మూడు నిమిషములే పట్టును. ఆ మూడు నిమిషములలో హాకిన్సు మొదట పాట వరుసను తాకినట్లే తాకి, వెంటనే విడిచి, కడవరకు తన కల్పననే నడపెను. వరుస కనుపింపని ఈ రికార్డును జనులు విశేషముగ కొనిరి. పాట అడుగున నడచు స్వరసముదాయముల నాధారము చేసికొని ఇంతదూరము పోవచ్చునని తరువాతి తరము దీనినుండి నేర్చుకొన్నది.

ఆ తరమే బీబాపు తరము. న్యూయార్కులోని హార్లెమున రాత్రి ప్రొద్దుపోయిన తరువాత థెలోనియస్ మంక్, డిజ్జీ గిలెస్పీ, చార్లీ పార్కర్ మున్నగువారు మిక్కిలి వేగమును, చిక్కుముడులును గల క్రొత్తబాణీని సాధన చేసిరి. సేకరించువారి దురదృష్టము, సరిగా అప్పుడే 1942 ఆగస్టు 1 నుండి వాద్యకారుల సంఘము రికార్డు కంపెనీలపై సమ్మె సాగించినది. పెద్ద కంపెనీలు రెండు 1944 నవంబరు వరకు ఒడంబడలేదు. అందుచే బీబాపు బాల్యము చాలవరకు చెవులకు దక్కలేదు. సమ్మె సడలుచుండగా గిలెస్పీని 1944 ఫిబ్రవరిలోను, మంకును అదే సంవత్సరము అక్టోబరులోను తన మేళములో కూర్చుండబెట్టి రికార్డు చేసినవాడు మన హాకిన్సే. నలువదేండ్ల పెద్దవాడు, కుర్రవాండ్ర విద్యకు జంకలేదు. ఇది మూడవది.

1948లో కొలంబియా కంపెనీవారు లాంగ్ ప్లే రికార్డును విడుదల చేసిరి. ఒక ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పట్టినది. ఆల్బము అను మాట అంతకుముందు లక్క రికార్డులను ఫోటోలవలె అమర్చు అట్టపుస్తకమునకు చెల్లెడిది. ఇప్పుడది ఒక్క పళ్ళెమునకే పేరైనది. ఈ కాలపు రికార్డులలో చాల మంచివి న్యూజెర్సీ రాష్ట్రమున హాకెన్‌సాక్ అను ఊర ఒక ఇంటి ముందుగదిలో తయారైనవి. రూడీ వాన్ గెల్డర్ పగలు కంటిపరీక్షలు చేసి అద్దములిచ్చు వృత్తి నడపుచు, మిగిలిన వేళ తన తలిదండ్రుల ఇంటనే యంత్రములమర్చి జాజ్ రికార్డు చేసెను. ఆ తలిదండ్రుల ఓర్పును మేము తలచుకొనుచుందుము.

హాకిన్సు కథలో నాలుగవది 1957 నాటి ‘మంక్స్ మ్యూజిక్’. పదమూడేండ్లనాడు తాను చేరదీసిన మంక్ ఇప్పుడు నాయకుడు. హాకిన్సు ఆయన పిలువగా వచ్చినవాడు. ప్రక్కనే మరియొక టెనర్ వాద్యకారుడు, యువకుడైన జాన్ కోల్ట్రేన్. ఒక పాట నడుమ మంక్ తన వంతు ముగించి ‘కోల్ట్రేన్! కోల్ట్రేన్!’ అని కేకవేయుట రికార్డులోనే వినవచ్చును. అయిదవది 1962లో డ్యూక్ ఎల్లింగ్టనుతో చేసినది. ఆరవది 1963లో సోనీ రోలిన్సుతో చేసినది. రోలిన్సుకు హాకిన్సు బాల్యమునుండి ఆరాధ్యుడు. ఆ రికార్డులో శిష్యుడు గురువును అనుకరింపక, వింతవింతలుగా ప్రక్కదారులు పట్టుచుండును. గురువు చలింపడు. మొదటిమారు విన్నప్పుడు గందరగోళముగ తోచిన తోచవచ్చును, మూడవమారు వినుడు.

ఈ ఆరు చాలును. ఆర్మ్‌స్ట్రాంగు, ఎల్లింగ్టన్, గిలెస్పీ, మంక్, కోల్ట్రేన్, రోలిన్సు అందరును ఇందు తారసపడిరి. ఎవరు నచ్చిన వారివెంట పిల్లలే పోగలరు. ఆడపిల్లలకు మేరీ లూ విలియమ్సు కథ చెప్పుడు. 1920 తరువాతి నుండి 1970 తరువాతి వరకు పియానో వాయించుచు, స్వరరచన చేయుచు, ప్రతి శైలిలోను నిలిచిన స్త్రీ ఆమె.

మైల్స్ డేవిస్ 1959లో చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అందరును కొనునదే కనుక ఒక హెచ్చరిక. తొలి దినమున టేపుయంత్రము కొంత మెల్లగా తిరుగుటచే ఆ ప్రక్కనున్న మూడు పాటలు శ్రుతికి కొంచెము హెచ్చుగా ముద్రితమైనవి. ముప్పదేండ్లకు పైగా లోకమంతయు వానిని ఆ తప్పుశ్రుతిలోనే వినినది. 1990 తరువాతి ముద్రణలలో దీనిని సవరించిరి. శ్రుతిజ్ఞానమున్న పిల్లలు రెండింటిని పోల్చి చూడవచ్చును.

కంపెనీలు పారవేసినవి ఇండ్లలో దక్కుటయు కలదు. కోల్ట్రేన్ 1963 మార్చి 6వ తేదీన చేసిన ఒక రికార్డింగు మూలటేపు కంపెనీ వద్ద లేకుండపోయినది. ఆయన వినుటకై ఇంటికి తెచ్చుకొన్న నకలు మొదటి భార్య నయీమా కుటుంబమువారి వద్ద నిలిచి, 2018లో వెలువడినది. మంక్, కోల్ట్రేన్ కలిసి 1957 నవంబరులో కార్నెగీ హాలున చేసిన కచేరి టేపులు అమెరికా జాతీయ గ్రంథాలయములో ఎవరి కంటను పడక యుండి 2005లో బయటపడినవి.

మన దేశమునకు జాజ్ క్రొత్తది కాదు. టెడ్డీ వెదర్‌ఫోర్డ్ అను అమెరికా పియానో విద్వాంసుడు బొంబాయిలోను కలకత్తాలోను హోటళ్ళలో మేళములు నడపి, కలకత్తాలోనే రికార్డులు చేసి, 1945లో అచటనే కలరాచే మరణించెను. డేవ్ బ్రూబెక్ మేళము 1958లో మదరాసు మున్నగు నగరములలో కచేరీలు చేసినది. మరుసటి సంవత్సరము వారు చేసిన ‘టైమ్ అవుట్’లో ‘టేక్ ఫైవ్’ అను పాట అయిదు మాత్రల ఆవర్తములో నడచును. ఖండచాపు ఎరిగిన మన పిల్లలు దానికి తడబడక తాళము వేయుదురు. కన్నడదేశమున మూలములుగల రుద్రేశ్ మహంతప్ప 2008లో కద్రి గోపాలనాథ్‌తో కలిసి ‘కిన్స్‌మెన్’, అనగా బంధువులు, అను రికార్డు చేసెను. హాకిన్సు ఆరింటి తరువాత ఏడవదిగా దీనిని కొనవచ్చును.

తొలిముద్రణలు బంగారపు ధర పలుకును, వానికై ఆరాటపడవద్దు. మంచి పునర్ముద్రణగాని, సి.డి. గాని చాలును. ప్రతిదానికి ఒక నోటుబుక్కులో పేరు, కంపెనీ, తేదీ, ఎవరు ఏ వాద్యము వాయించిరో పిల్లలచేత తెలుగున వ్రాయించుడు. రికార్డులను ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా ఉంచవలెను. ఎండ తగులు గోడకు ఆనించినచో వేసవిలో వంగిపోవును. తాతలనాటి లక్క రికార్డులు ఇంట నున్నచో లాంగ్ ప్లే సూదితో వాయింపరాదు, వానికి వెడల్పైన సూది వేరుగ దొరకును. మరియు వానిని స్పిరిటుతో తుడువకుడు. లక్క స్పిరిటులో కరగును.