వేసవి రీడింగ్ ఛాలెంజ్: లెక్క కన్నా థీమ్ ముఖ్యం

పుస్తకాల మీద కబుర్లు చెప్పే పాడ్‌కాస్ట్‌లు ఇంగ్లిష్‌లో కొల్లలు. వాటిలో చాలావాటిని పుస్తకాల పిచ్చి ఉన్న ఇద్దరు ముగ్గురు స్నేహితులే నడుపుతారు. వేసవి దగ్గరపడగానే వీళ్లలో కొందరు శ్రోతలకు ఒక రీడింగ్ ఛాలెంజ్ ఇస్తారు. పద్ధతి తేలికే. ముందు ఒక థీమ్ చెబుతారు: సముద్రం, ప్రయాణాలు, అనువాదాలు, పాత డిటెక్టివ్ నవలలు, ఏదైనా సరే. దానికి తగిన పుస్తకాలు ఎవరికి నచ్చినవి వాళ్లు ఎంచుకుని వేసవంతా చదువుతారు. మధ్యలో ఒకసారి ఎవరెంతవరకు వచ్చారో మాట్లాడుకుంటారు. ఇందులో ఓడిపోవడమంటూ లేదు, ప్రైజుమనీ అంతకన్నా లేదు. చదివేవాళ్లు ఎలాగూ చదువుతారు, ఈ మాత్రానికి ఛాలెంజ్ ఎందుకని అనిపించవచ్చు.

జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. ఈ ఆలోచన పాడ్‌కాస్టర్లది కాదు, గ్రంథాలయాలది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1897లోనే లిండా ఈస్ట్‌మన్ అనే లైబ్రేరియన్ పిల్లలతో ఒక లైబ్రరీ లీగ్ పెట్టించారు. పుస్తకాన్ని శుభ్రమైన చేతులతో పట్టుకోవాలన్నది అందులో పిల్లలకు నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి. క్రమంగా ఇలాంటి ప్రయత్నాలు సెలవుల్లో చదివించే కార్యక్రమాలుగా మారాయి. బ్రిటన్‌లో 1999లో మొదలైన సమ్మర్ రీడింగ్ ఛాలెంజ్‌ను రీడింగ్ ఏజెన్సీ అనే సంస్థ ఏటా ప్రభుత్వ గ్రంథాలయాల ద్వారా నడుపుతోంది. 4 నుంచి 11 ఏళ్ల పిల్లల కోసం పెట్టిన ఆ ఛాలెంజ్‌లో సాధారణంగా 6 పుస్తకాలు చదివితే చాలు. థీమ్ మాత్రం ఏటా మారుతుంది. 2021లో ప్రకృతి రక్షణ, 2022లో సైన్సు, 2023లో ఆటలు. అమెరికా గ్రంథాలయాలు 2019లో అంతరిక్షాన్ని ఎంచుకున్నాయి. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టి అప్పటికి 50 ఏళ్లు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇదేమీ కొత్త కాదు. జూన్ రాగానే పిల్లల్ని లైబ్రరీకి తీసుకెళ్లి పేరు రాయించడం, చదివిన పుస్తకాల చిట్టా నింపించడం వాళ్ల సెలవుల్లో ఒక భాగం.

పెద్దలకూ ఈ సరదా ఉంది. సియాటిల్ పబ్లిక్ లైబ్రరీ, సియాటిల్ ఆర్ట్స్ అండ్ లెక్చర్స్ కలిసి 2015 నుంచి వేసవిలో బుక్ బింగో ఆడిస్తున్నాయి. కార్డు మీద 25 గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో రకం పుస్తకం. అదే ఏడాది బుక్ రయట్ అనే సంస్థ ఏడాది పొడవునా సాగే 24 అంశాల ఛాలెంజ్ మొదలుపెట్టింది. పాతికేళ్లలోపు రచయిత రాసినది, 65 దాటాక రాసినది, 1850కి ముందు అచ్చయినది, ఇలా సాగింది ఆ మొదటి జాబితా. దాన్ని తెలుగు పుస్తకాలతో నింపవచ్చా అంటే భేషుగ్గా నింపవచ్చు. 1850కి ముందు అంటే ఏనుగుల వీరాస్వామి కాశీయాత్రా చరిత్ర ఉంది. అది 1838లోనే అచ్చయింది. పాతికేళ్లలోపు అంటే 1928లో వచ్చిన శ్రీశ్రీ ‘ప్రభవ’ ఉంది. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు.

ఇంతకీ థీమ్ చేసే పనేమిటి? ‘ఈ వేసవిలో ఇరవై పుస్తకాలు చదవండి’ అంటే మనం సన్నటివి వెతుక్కుంటాం. అంకె పెట్టుకున్న ప్రతిచోటా జరిగేది ఇదే. లావు పుస్తకం అరలోనే ఉండిపోతుంది. ‘ఒకే ఊరి కథలు చదవండి’ అని చూడండి. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’, వంశీ ‘మా పసలపూడి కథలు’, నామిని ‘మిట్టూరోడి కథలు’, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ బల్ల మీదికి వస్తాయి. విడివిడిగా ఇవన్నీ చాలామంది చదివినవే. వరసగా చదివితే కొత్త ప్రశ్నలు పుడతాయి. కృష్ణ ఒడ్డు అమరావతికీ, గోదావరి సీమ పసలపూడికీ తేడా నీళ్లలోనా, మనుషుల్లోనా? మిట్టూరు, దర్గామిట్ట మాట్లాడే తెలుగు ఎంత వేరు? ఎవరు ఊరిని ముద్దుచేశారు, ఎవరు నిలదీశారు? ఈ ప్రశ్నలు ఏ ఒక్క పుస్తకంలోనూ లేవు. నాలుగింటినీ పక్కపక్కన పెట్టడం వల్ల వచ్చాయి. థీమ్ విలువ నా లెక్కలో ఇక్కడే ఉంది. అయితే థీమ్ మరీ వదులుగా ఉండకూడదు. ‘మంచి పుస్తకాలు’ అన్నది థీమే కాదు.

ఎంపిక ఎవరిదన్నది ఇంకో సంగతి. రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్ ఫ్రాంజెన్ బృందం ఫ్లోరిడాలో పేద పిల్లలకు మూడేళ్లపాటు ప్రతి వేసవికీ 12 పుస్తకాలు ఇచ్చింది. ఏవి కావాలో పిల్లలే ఎంచుకున్నారు. ఆ పుస్తకాలు అందుకున్న పిల్లలు, అందని వాళ్లకన్నా చదవడంలో ముందుకెళ్లారని 2010లో వాళ్లు ప్రకటించారు. బహుమతుల విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. 1973లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ లెపర్, ఆయన సహచరులు బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్ని పరిశీలించారు. గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు తర్వాత గీయడం తగ్గించేశారు. అక్కడ బొమ్మలకు జరిగినది చదువుకీ జరగవచ్చు. పిల్లలకు పుస్తకానికింత అని డబ్బులిచ్చే తల్లిదండ్రులు దీన్ని గుర్తుంచుకోవాలి.

స్నేహితుల పాడ్‌కాస్ట్ బలం సరిగ్గా ఇక్కడే. వాళ్ల దగ్గర ఇవ్వడానికి కబుర్లు తప్ప ఏమీ లేవు. బ్రియా గ్రాంట్, మ్యాలరీ ఒమేరా 2017లో మొదలుపెట్టిన ‘రీడింగ్ గ్లాసెస్’ ఏటా శ్రోతలకు ఛాలెంజ్ ఇస్తుంది. ఒకరు నటి, దర్శకురాలు, ఇంకొకరు రచయిత్రి. విమర్శకుడు ‘ఇది గొప్ప నవల’ అంటే మనం తలూపి ఊరుకుంటాం. ఒక స్నేహితురాలు మెచ్చుకున్నదాన్ని ఇంకో స్నేహితురాలు ‘నాకు యాభై పేజీలు దాటలేదు’ అంటే, తగువు తీర్చడానికైనా మనం ఆ పుస్తకం తెరుస్తాం. అభిప్రాయాలు కలవకపోవడమే అక్కడ ఆకర్షణ. అందరూ అన్నిటినీ మెచ్చుకునే పాడ్‌కాస్ట్ నాలుగో వారానికి విసుగేస్తుంది.

తెలుగులోనూ ‘హర్షణీయం’ లాంటి పాడ్‌కాస్ట్‌లు కథలు వినిపిస్తూ, రచయితలతో మాట్లాడిస్తూ సాహిత్యాన్ని చెవికి చేర్చాయి. వేసవిలో మన గ్రంథాలయాలు పిల్లలకు విజ్ఞాన శిబిరాలు పెడుతున్నాయి. ఈ రెండూ కలిసే చోటు ఇంకా పెద్దగా తయారు కాలేదు. దానికి స్టూడియో అక్కర్లేదు. ముగ్గురు స్నేహితులు, ఒక ఇరుకైన థీమ్, మనిషికి మూడు పుస్తకాలు, ఫోనులో అరగంట రికార్డింగ్, పంచుకోవడానికి ఒక వాట్సాప్ గ్రూపు చాలు. నచ్చని పుస్తకం మధ్యలో వదిలేసే హక్కు అందరికీ ఉండాలి. ఎందుకు వదిలేశారో చెప్పే బాధ్యత మాత్రం తప్పదు.

పుస్తకాలు కొనాల్సిన పని కూడా లేదు. ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసల చొప్పున మనం గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. ఈ వేసవికి థీమ్ తేల్చుకుని, మీ ఊరి శాఖా గ్రంథాలయంలో సభ్యత్వ కార్డు తీసుకోండి.