మోటారుకారులో ఆల్టర్నేటరు

వేసవిలో గోదావరి కాలువలు కట్టివేసినపుడు గణపవరము ప్రాంతమున ఊరి చెరువే ఆధారము. కాలువ వదలనిచో అదియు అడుగంటును. మోటారుకారులో బ్యాటరీ చెరువు వంటిది, ఆల్టర్నేటరు కాలువ వంటిది. ఇంజను తిరుగుచుండగా ఆల్టర్నేటరు విద్యుత్తును పుట్టించి దీపములకు అందించును, బ్యాటరీని నింపును.

కావున కారు కదలనిచో వెంటనే క్రొత్త బ్యాటరీ కొనరాదు. ఆల్టర్నేటరు చెడియున్నచో క్రొత్తదియు త్వరలోనే ఖాళీ యగును. బ్యాటరీ గుర్తుగల ఎఱ్ఱదీపము ఆరకుండుట, ముందు దీపములు మందగించుట, బెల్టు కీచుమనుట దీని లక్షణములు.

పరీక్ష సులభము. వోల్టుమీటరును బ్యాటరీకి తగిలింపుడు. ఇంజను ఆపియున్నపుడు నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడచునపుడు సాధారణముగా 13.8 నుండి 14.5 వరకు ఉండవలెను. అంకె పెరుగనిచో బ్యాటరీ నిండుట లేదు. 15 దాటినచో రెగ్యులేటరును అనుమానింపవలెను.

పిమ్మట ఇంజను ఆపి, బెల్టు వదులైనదేమో, పగిలినదేమో చూడుడు. కొల్లేటి తేమకు తీగల కొసలు చిలుము పట్టును. బ్యాటరీ తీగను విడదీసి వానిని శుభ్రపరచి బిగింపుడు. ఇవి సరిగా నున్నచో లోపము బొగ్గు బ్రష్షులలోనో, డయోడులలోనో, రెగ్యులేటరులోనో ఉండును. అది ఆటో ఎలక్ట్రీషియను పని. ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ తీగను మాత్రము ఊడదీయరాదు, డయోడులు కాలిపోవచ్చును.

కాలువగట్టు బాటలో రాత్రివేళ దీపములారుట ప్రాణాపాయము. ఎఱ్ఱదీపము వెలిగినచో ఫ్యానును, రేడియోను సయితము కట్టివేసి, దగ్గరి ఊరిలో ఆగుట క్షేమము.