ముళ్ల జెరేనియం ఆకులు రాల్చేసిందా? అప్పుడే పారేయకండి

జెరేనియం అనగానే మన రైతులకి నూనె పంటే గుర్తొస్తుంది. పై వీడియోలో చూపించింది దాని దూరపు చుట్టం, పెలర్గోనియం ఎకినేటమ్. కండ పట్టిన కాండం, దాని నిండా ముళ్లు. చూడగానే బ్రహ్మజెముడు జాతేమో అనుకుంటారు. నిజానికి అవి ముళ్లు కావు. ఆకు తొడిమ మొదట్లో ఉండే పత్రపుచ్ఛాలు. ఆకు రాలినా అవి రాలకుండా గట్టిపడి అలాగే మిగిలిపోతాయి.

దీని సొంతూరు దక్షిణాఫ్రికా వాయవ్య మూల ఉన్న నమక్వాలాండ్. అక్కడ వాన పడేది చలికాలంలో, ఎండాకాలమంతా పొడి. అందుకే ఇది చల్లదనంలో పెరుగుతుంది, వేడెక్కగానే ఆకులు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర లెక్క వేరు కదా, ఎండలు తగ్గగానే వానలు. అంటే మొక్క నిద్రలో ఉండగానే కుండీ తడిసిపోతుంది. మన ఎండల కన్నా జూలై ముసురే దీనికి ప్రమాదం.

ఏప్రిల్ వస్తే చాలు, "అన్నా, మొక్క చచ్చిపోయింది" అని ఫోన్లు. కాండాన్ని వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికే ఉంది. మెత్తగా దిగబడితే కుళ్లు పట్టినట్టు. అప్పుడు బాగున్న పైభాగం కోసి, నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టి ఇసుకలో గుచ్చండి. పాలిథిన్ కవర్ కప్పకండి. ఆకులు లేవని జాలిపడి రోజూ నీళ్లు పోస్తే మాత్రం నిజంగానే పోతుంది. ఎండాకాలంలో నేను మూడు నాలుగు వారాలకోసారి ఒక గ్లాసు పోస్తాను, అంతే. జూన్ నుంచి కప్పు కింద, గాలి ఆడే చోట పెడతాను.

మట్టి కుండీ అయితే మంచిది. సగం ముతక ఇసుక, ఇటుక ముక్కలు. మిగతా సగం ఎర్రమట్టి, కొంచెం బాగా మాగిన వర్మీకంపోస్ట్. అక్టోబర్‌లో చిగురు కనిపించాకే నీళ్లు మొదలుపెట్టాలి. ఒకసారి బాగా తడిపి, పూర్తిగా ఆరాకే మళ్లీ.

ప్రకృతి వ్యవసాయం కదా అని ప్రతి మొక్కకీ ఒకే డోసు జీవామృతం పోయడం నాకు నచ్చదు. ఇది పేద నేలలో పుట్టిన మొక్క. వడకట్టిన జీవామృతం ఒకటికి ఇరవై పాళ్ల నీళ్లు కలిపి, పెరిగే నెలల్లో నెలకోసారి ఇస్తే చాలు. ఎక్కువైతే ఆకు దట్టంగా వస్తుంది, కాండం బలహీనపడుతుంది. పిండినల్లి కనిపిస్తే వేపనూనె.

పూలు తెల్లగానో గులాబీ రంగులోనో వస్తాయి, పై రేకుల మీద ముదురు ఎరుపు మచ్చలుంటాయి. కొత్త అంట్లకి కూడా అక్టోబర్, నవంబరే మంచి అదను. జూన్, జూలైల్లో ఈ మొక్క నేను అమ్మను, ఎవరు అడిగినా చలి మొదలయ్యేదాకా ఆగమంటాను.