షాక్ సంగతి యంత్రం చూసుకుంటుంది

2023 ఫిబ్రవరిలో మారేడ్‌పల్లిలోని ఒక జిమ్‌లో కసరత్తు చేస్తున్న యువకుడొకరు దగ్గుతూ దగ్గుతూ మెషిన్ మీదికి వాలి, అక్కడే కుప్పకూలారు. ప్రాణం దక్కలేదు. అదే వారంలో ఆరాంఘర్ దగ్గర రోడ్డుమీద పడిపోయిన మరొకరిని ఓ ట్రాఫిక్ కానిస్టేబుల్ ఛాతీ నొక్కి బతికించారు. పక్కనున్నవారే ప్రాణం నిలపగలరు కాబట్టే, జనం తిరిగే ప్రతిచోటా ఏఈడీ (గుండె లయ చూసి, అవసరమైతే షాక్ ఇచ్చే యంత్రం) ఉండాలంటాను.

ఉన్నట్టుండి కూలిపోయినవారిలో చాలామందికి గుండె మొదట ఆగదు, గతి తప్పి వణుకుతుంది. రక్తం ముందుకు కదలదు. ఆ వణుకును కరెంటుతో ఆపవచ్చని 1899లోనే జెనీవాలో ప్రెవో, బతెల్లీ కుక్కల మీద గమనించారు. 1947లో క్లీవ్‌లాండ్ సర్జన్ క్లాడ్ బెక్, ఆపరేషన్ బల్లమీద ఉన్న 14 ఏళ్ల కుర్రాడి గుండెకే నేరుగా షాక్ ఇచ్చి కాపాడారు. 1956లో పాల్ జోల్ ఛాతీ తెరవకుండా పైనుంచే ఇచ్చారు. 1965లో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ కారు బ్యాటరీలతో నడిచే పరికరాన్ని అంబులెన్సు ఎక్కించారు. బరువు దాదాపు 70 కిలోలు! అయినా ఈసీజీ గీత చూసి షాక్ ఇవ్వాలో వద్దో చెప్పడానికి తెలిసినవాళ్లు పక్కన ఉండాల్సిందే. 1970ల చివర్లో అమెరికాలోని ఆరెగన్‌లో ఆర్చ్ డయాక్ బృందం ఆ పని యంత్రానికే అప్పగించింది. దీని కథలో అసలు మలుపు ఇదే అంటాను.

కాబట్టి మనం చూడాల్సినవి రెండే: పిలిస్తే పలుకుతున్నారా, మామూలుగా ఊపిరి తీస్తున్నారా? ఉండుండి ఎగశ్వాస తీయడం ఊపిరి కిందికి రాదు. చాలామంది మోసపోయేది అక్కడే. గుండెనొప్పితో ఛాతీ పట్టుకున్నా మాట్లాడుతున్నవారికి ఏఈడీ అక్కర్లేదు, 108 కావాలి. పలుకూ ఊపిరీ లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఒకరు ఛాతీ నొక్కుతూ ఉండాలి, ఇంకొకరు ఏఈడీ కోసం పరుగెత్తాలి. నొక్కేవారు లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది.

మూత తీసి స్విచ్ నొక్కితే యంత్రమే మాట్లాడుతుంది. చెమట తుడిచి, ఒక ప్యాడ్ కుడి కాలర్ ఎముక కింద, రెండోది ఎడమ చంక దిగువన అంటించాలి. యంత్రం గుండె లయను చదివేటప్పుడు, షాక్ ఇచ్చేటప్పుడు ఎవరూ ఒంటిమీద చెయ్యి వేయకూడదు. పూర్తిగా నిలిచిపోయిన గుండెకు అది షాక్ ఇవ్వదు. గీత చదునవగానే షాక్ కొట్టే సినిమా సీన్లు శుద్ధ తప్పు. షాక్ ఇచ్చినా, వద్దన్నా వెంటనే మళ్లీ ఛాతీ నొక్కాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. రెండేసి నిమిషాలకు యంత్రం మళ్లీ లయ చూస్తుంది. 108 వాళ్లు వచ్చి అందుకునేదాకా, లేదా ఆ మనిషి కదిలేదాకా నొక్కుతూనే ఉండాలి; కదిలినా ప్యాడ్లు తీయకూడదు.