విమానానికి మతం ఉంటుందా?



రామాయంపేటలో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, తూప్రాన్, మేడ్చల్ దాటి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లే కార్లలో ఎన్నో తల్లుల ప్రార్థనలు కూడా ప్రయాణిస్తుంటాయి. కొడుకు గల్ఫ్‌కు పోతున్నాడు. మెదక్, సిద్దిపేట, కామారెడ్డి పల్లెలకు ఇది కొత్త సంగతి కాదు. బయలుదేరే ముందు కాపరిగారు ఇంటికి వచ్చి, తల మీద చేయి ఉంచి ప్రార్థిస్తారు. సంఘమంతా ఆమేన్ అంటుంది.

ఆ తర్వాతే ప్రశ్నలు మొదలవుతాయి. "విమానం లేచే ముందు వాళ్ల ప్రార్థన వినిపిస్తారట, మా పిల్లవాడు అప్పుడు ఏం చేయాలి?" "అక్కడ పెట్టేది హలాల్ భోజనమట, తినవచ్చా?" "మెడలో సిలువ గొలుసు ఉంచుకోవచ్చా, తీసేయాలా?" ఇవి తేలిగ్గా తీసిపారేసే ప్రశ్నలు కావు. ఇంటికి వేల మైళ్ల దూరంలో ఒంటరిగా ఉండబోయే యువకుడి మనస్సాక్షికి సంబంధించినవి. అందుకే ఈ వారం ఈ విషయాన్ని కాస్త వివరంగా చూద్దాం.

ముందుగా వాక్యం దగ్గరికి వెళ్దాం. అపొస్తలుడైన పౌలు మెలితే ద్వీపం నుంచి రోమాకు బయలుదేరినప్పుడు ఎక్కిన ఓడ సంగతి అపొస్తలుల కార్యములు 28:11లో ఉంది. అది అలెక్సంద్రియ పట్టణపు ఓడ. దాని మీద గ్రీకుల జంట దేవతల గుర్తు ఉంది. నావికులను వారు కాపాడతారని ఆనాటి జనం నమ్మేవారు. మన తెలుగు బైబిలు ఆ గుర్తుకు అశ్వినీ అనే పేరే వాడింది. పౌలు ఆ గుర్తు చూసి ఓడ ఎక్కనని అనలేదు. ఆ గుర్తుకు మొక్కనూ లేదు. లూకా దాన్ని ఒక ఆనవాలుగా రాసి ముందుకు సాగిపోయాడు. ఓడ ఎవరిదైనా, పౌలు ఎవరివాడో పౌలుకు తెలుసు.

నేటి విమానాల్లో కనిపించే మత చిహ్నాలన్నీ ఒక్క రకం కావు. వాటిని విడివిడిగా చూస్తే సగం భయం పోతుంది.

మొదటిది పేరు, గుర్తు. ప్రపంచంలో ముస్లింలు అత్యధికంగా ఉన్న దేశం ఇండోనేషియా. ఆ దేశపు ప్రధాన విమాన సంస్థ పేరు గరుడ, అంటే విష్ణువు వాహనం. మన ఎయిర్ ఇండియా 2007లో తెచ్చిన గుర్తులో ఎర్రని హంస, దానిలో కోణార్క్ సూర్య దేవాలయపు చక్రం ఉండేవి. ఇవి ఆ నేల సంస్కృతిని చూపించే ఆనవాళ్లు. వాటి కింద కూర్చున్నవారిని ఎవరూ ఆరాధించమని అడగరు.

రెండవది దేశపు కట్టడి. హైదరాబాదు నుంచి జెద్దా, రియాద్‌లకు నడిచే సౌదియా విమానాల్లో మద్యం ఇవ్వరు. బయలుదేరే ముందు ప్రయాణ ప్రార్థన వినిపిస్తారు. ఈ వాహనాన్ని మనకు లోబరచిన దేవునికి స్తోత్రం, చివరికి ఆయన దగ్గరికే తిరిగి వెళ్తాం అన్నది దాని సారాంశం. ఇజ్రాయేలు విమాన సంస్థ ఎల్ అల్ 1982 నుంచి విశ్రాంతి దినాన విమానాలు నడపదు. అప్పటి మెనాహెం బెగిన్ ప్రభుత్వం చేసిన నిర్ణయమది. 2006 చివర సమ్మె కారణంగా ఆలస్యమైన కొన్ని విమానాలను ఆ సంస్థ విశ్రాంతి దినాన నడిపింది. నిష్ఠగల యూదులు దాన్ని బహిష్కరించారు. కొద్ది వారాలకే సంస్థ వారితో రాజీకి వచ్చింది. అంటే అక్కడ విశ్వాసంతో పాటు టికెట్ల లెక్క కూడా ఉంది.

మూడవది సేవ. చాలా విమాన సంస్థలు టికెట్ బుక్ చేసేటప్పుడే ముస్లిం భోజనం, హిందూ భోజనం, జైన భోజనం, యూదుల కోషర్ భోజనం అని విడివిడిగా అడుగుతాయి. ఆ జాబితాలో క్రైస్తవ భోజనం అని ఒకటి కనిపించదు. దానికి కారణం మనల్ని మరిచిపోవడం కాదు. భోజనం మనల్ని దేవుని దగ్గరికి చేర్చదని 1 కొరింథీయులకు 8వ అధ్యాయంలో పౌలు బోధించినదే మన నియమం.

విమానానికి మతం పేరు పెట్టినంత మాత్రాన అది బాగా ఎగరదు. 2015 డిసెంబరులో మలేషియాలో రయానీ ఎయిర్ అనే సంస్థ ఇస్లామీయ నియమాల ప్రకారం నడుస్తామంటూ మొదలైంది. మద్యం లేదు, భోజనమంతా హలాల్, బయలుదేరే ముందు ప్రార్థన. దాన్ని స్థాపించినవారు ఒక హిందూ దంపతులు. 2016 ఏప్రిల్‌లో అధికారులు దాన్ని నిలిపివేశారు, జూన్‌లో లైసెన్సు రద్దు చేశారు. విమానయాన నిబంధనలు పాటించకపోవడమే కారణం. ప్రార్థన ఉంది, నిర్వహణ లేదు. ఈ హెచ్చరిక క్రైస్తవ పేరు పెట్టుకున్న సంస్థలకూ వర్తిస్తుంది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. అమెరికాలోని అలాస్కా ఎయిర్‌లైన్స్ 1970ల చివరి నుంచి భోజనం ట్రేల మీద కీర్తనల గ్రంథంలోని వచనాలున్న చిన్న కార్డులు పెట్టేది. 2012 ఫిబ్రవరి 1 నుంచి మానేసింది. విమానంలో మతం తగదని కొందరు ప్రయాణికులు భావిస్తున్నారని, అందరి నమ్మకాలనూ గౌరవించాలని సంస్థ చెప్పింది. కొందరు విశ్వాసులు బాధపడ్డారు. ఆ బాధ మాకు అర్థమవుతుంది. కానీ ఒక్క ప్రశ్న వేసుకుందాం. ట్రే మీద కీర్తన ఉంటే సంతోషించే మనం, తెర మీద ఇంకొకరి ప్రార్థన కనిపిస్తే ఎందుకు కలవరపడాలి? ఇతరులు మనకు ఏమి చేయాలని కోరుతామో అదే వారికి చేయాలని ప్రభువు నేర్పాడు. ఆ కొలత విమానంలోనూ మారదు.

మరో సంఘటన మనల్ని ఇంకా లోతుగా పరీక్షిస్తుంది. 2004 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ వెళ్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానంలో పైలట్ మైకు తీసుకుని, క్రైస్తవులు చేతులు ఎత్తమన్నాడు. మిగిలినవారు ఈ ప్రయాణంలో వారితో విశ్వాసం గురించి మాట్లాడవచ్చని సూచించాడు. ఆయన సువార్త యాత్ర నుంచి అప్పుడే తిరిగి వచ్చాడు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ సెప్టెంబరు 11 దాడులు జరిగి అప్పటికి మూడేళ్లు కూడా కాలేదు. కొందరు ప్రయాణికులు భయంతో ఇళ్లకు ఫోన్లు చేశారు. సువార్త అంటే సంతోషకరమైన వార్త. అది వినేవాడు లేచి వెళ్లిపోలేని చోట, అతని ప్రాణం చేతిలో ఉన్న మనిషి నోట వస్తే, బెదిరింపులా వినిపించింది.

దీనికి భిన్నమైనది బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉద్యోగిని నాడియా ఎవెయిడా కథ. లండన్ హీత్రో విమానాశ్రయంలో చెక్ఇన్ కౌంటరులో పనిచేసే ఆమె మెడలో చిన్న సిలువ బయటికి కనిపించేలా ధరించింది. యూనిఫాం నియమానికి విరుద్ధమని 2006లో ఆమెను జీతం లేకుండా ఇంటికి పంపారు. సిక్కుల తలపాగాకు, ముస్లిం స్త్రీల హిజాబుకు అప్పటికే ఆ సంస్థలో అనుమతి ఉంది. విమర్శల తర్వాత 2007లో సంస్థ నియమం మార్చింది, ఆమె మళ్లీ పనిలో చేరింది. 2013 జనవరి 15న యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. అదే తీర్పులో, సిలువ గొలుసు విషయంలోనే వచ్చిన ఒక నర్సు మాత్రం ఓడిపోయింది. ఆసుపత్రిలో గొలుసు వల్ల రోగులకు, సిబ్బందికి ప్రమాదం ఉండవచ్చన్న కారణాన్ని న్యాయస్థానం అంగీకరించింది.

పైలట్‌కూ ఈ ఉద్యోగినికీ ఉన్న తేడా చూడండి. ఆయన అధికార స్థానంలో నుంచి అందరినీ ఉద్దేశించి మాట్లాడాడు. ఆమె తన మెడలో తన విశ్వాసాన్ని ధరించింది, ఎవరినీ ఏమీ అడగలేదు. మనం సంస్థల నుంచి కోరవలసింది రెండవ రకం స్వేచ్ఛ. అది మనకు దక్కాలంటే పక్కవాడికీ దక్కాలి. మన దేశంలోనూ సిక్కు ప్రయాణికులు దేశీయ విమానాల్లో నిర్ణీత కొలతకు లోబడిన కృపాణం ధరించవచ్చు. దాని అలుగు 6 అంగుళాలు, మొత్తం పొడవు 9 అంగుళాలు మించకూడదు. స్వేచ్ఛ ఉంది, దానికి భద్రత అనే హద్దూ ఉంది.

ఇక ఆ తల్లుల ప్రశ్నలకు వద్దాం.

ప్రయాణ ప్రార్థన వినిపించినప్పుడు మీ కుమారుడు మర్యాదగా మౌనంగా ఉండవచ్చు. ఆ నిమిషంలో తన ప్రభువుకు తాను ప్రార్థించుకోవచ్చు. వినడం ఆరాధించడం కాదు. వెక్కిరించడం, చెవులు మూసుకోవడం సాక్ష్యం కాదు.

భోజనం విషయంలో 1 కొరింథీయులకు 10వ అధ్యాయం చదివించండి. మనస్సాక్షి నిమిత్తం ఏ విచారణ చేయకుండా తినమన్న పౌలే, పక్కవాడి మనస్సాక్షి కోసం మానుకోవలసిన సందర్భమూ ఉందన్నాడు. మీ అబ్బాయి మనస్సు ఒప్పుకోకపోతే ముందుగానే శాకాహారం ఎంచుకోవచ్చు. తిన్నవాడిని తిననివాడు తీర్పు తీర్చకూడదు, తిననివాడిని తిన్నవాడు చిన్నచూపు చూడకూడదు.

సిలువ గొలుసును తనిఖీ దగ్గర ట్రేలో పెట్టమంటే అది విశ్వాసం మీద దాడి కాదు, లోహానికి అందరికీ ఉన్న నియమం. అయితే విమానంలోని పద్ధతి వేరు, దిగిన దేశపు చట్టం వేరు. దుబాయిలో చర్చిలు ఉన్నాయి, తెలుగు ఆరాధనలు కూడా జరుగుతాయి. సౌదీలో ఇతర మతాల బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు. వెళ్లే ముందే ఆ దేశంలో ఉండి వచ్చిన మన సంఘస్థులను అడిగి తెలుసుకోవడం మంచిది. ఈ పని తల్లిదండ్రుల మీదే వదలకుండా సంఘ పెద్దలు పూనుకోవాలి.

పౌలు రోమా ప్రయాణంలోనే మరో దృశ్యం ఉంది. తుఫానులో కొట్టుకుపోతున్న ఓడలో 276 మంది. చాలా రోజులుగా ఎవరూ సరిగా తినలేదు. బంధీగా ఉన్న పౌలు రొట్టె పట్టుకుని, అందరి ఎదుట దేవునికి కృతజ్ఞత చెల్లించి, తినసాగాడు. ఎవరినీ చేతులు ఎత్తమనలేదు. అది చూసి అందరూ ధైర్యం తెచ్చుకుని తిన్నారు.

గల్ఫ్‌కు వెళ్తున్న మన పిల్లలకు కావలసింది ఆ ధైర్యం. ఈసారి మీ ఇంటి నుంచి ఎవరైనా బయలుదేరుతుంటే ప్రార్థనలో వారి పేరుతో పాటు ఆ విమానం నడిపే పైలట్‌ను, భోజనం అందించే సిబ్బందిని, పక్క సీట్లో కూర్చోబోయే అపరిచితుణ్ని కూడా జ్ఞాపకం చేసుకోండి. వారి మతం మనకు తెలియకపోవచ్చు. వారి క్షేమం మన పిల్లల క్షేమంతో ముడిపడి ఉంది.